పత్తి గదిలో కంప్యూటర్

కంప్యూటర్ డబ్బాకు ముందువైపు గాజు పలక బిగించాలన్న ఆలోచన మొదట ఎవరికి వచ్చిందో నాకు తెలియదు. ఆ మహానుభావుణ్ణి ఒక్కసారి ఎండాకాలంలో ఆదిలాబాద్ తీసుకువచ్చి, నాలుగువైపులా అద్దాలు బిగించిన గదిలో పెట్టి, తలుపు మూసి, లోపల రంగురంగుల దీపాలు వెలిగించి, "ఊఁ, ఇప్పుడు ఉరుకు నాయనా" అనాలని మాత్రం చాలా కోరికగా ఉంది. పని మానేసి ఇంట్లో కూర్చున్నాను. బీపీ మాత్ర వేసుకుంటున్నాను. కోపం తగ్గించుకోమని డాక్టరమ్మా చెప్పింది, ఇంటావిడా చెప్పింది. అయినా ఆ గాజు ముఖం డబ్బా గుర్తుకొస్తే ఇప్పటికీ ఒళ్ళు మండిపోతుంది. కొత్తగా ఈ రిపేరు పనిలోకి వస్తున్న పిల్లలు చదువుతారని ఇది రాస్తున్నాను. చదివి నవ్వుకున్నా సరే, మా దుకాణం ఒక ఆడపిల్లకు చేసిన పని మీరు ఇంకొకరికి చేయకుంటే చాలు.

నేను కరీంనగర్ వాణ్ణి. టేప్‌రికార్డర్లతో మొదలుపెట్టి, టీవీల మీదుగా కంప్యూటర్లకు వచ్చినవాణ్ణి. ఉద్యోగం చివరి ఏళ్ళలో మా యజమాని ఆదిలాబాద్‌లో ఒక బ్రాంచి తెరిచి నన్ను అక్కడికి పంపాడు. పిల్లల పెళ్ళిళ్ళు అయిపోయినయి గదా, ఇగ నీకేం ఫికర్ అన్నాడు. పిల్లల పెళ్ళిళ్ళయిన మనిషికి మెస్సు భోజనం అరగదన్న సంగతి ఆయనకు తట్టలేదు. సరే, వెళ్ళాను.

అక్కడ నాది బయటి పని. బ్యాంకులకు, ఆఫీసులకు తిరిగి ప్రింటర్లు బాగుచేయడం. దుకాణంలో రిపేరు బల్ల దగ్గర ఇంకో మనిషి ఉండేవాడు. ఇద్దరు పిల్లల తండ్రి, చేతిపని బంగారం, అబద్ధం చెప్పడం రాదు. అతని టిఫిన్ డబ్బాలో జొన్నరొట్టె, ఎర్రకారం ఉంటే సగం నాకు పెట్టేవాడు. అందరికీ పైన మేనేజర్. ఆయన చేతికి స్క్రూడ్రైవర్ ఏనాడూ అంటలేదు గాని, నోటికి మాత్రం 'యూజర్ ప్రాబ్లం' అన్న మాట అంటుకుపోయింది. కీబోర్డు మీద చాయ్ ఒలికినా యూజర్ ప్రాబ్లమే, మేము అమ్మిన రోజే మానిటర్ వెలగకపోయినా యూజర్ ప్రాబ్లమే. సరుకు తప్పు, దుకాణం తప్పు అనేవి ఆయన లోకంలో లేవు.

ఆ దసరాకు మేనేజర్ ఒక గేమింగ్ కంప్యూటర్ అమ్మాడు. కొన్నవాడు దుకాణానికి రాలేదు, గల్ఫ్‌లో ఉన్నాడు. వీడియో కాల్‌లో అమ్మకం. గాజు డబ్బాలో ముందు మూడు ఫ్యాన్లు, ఒకటి ఎర్రగా, ఒకటి నీలంగా, ఒకటి పచ్చగా తిరుగుతుంటే మేనేజర్ దుకాణంలో లైట్లు ఆర్పించి మరీ చూపించాడు. ఆ వైపు మనిషి మురిసిపోయాడు. "గదే ఇయ్యుండ్రి సార్, మా ఇంటిదానికి" అన్నాడట. గాలి సంగతి ఆయన అడగలేదు, ఈయన చెప్పలేదు.

ఆ గాలి సంగతి నేను చెప్తాను, ఎక్కువసేపు పట్టదు. ఆట నడుస్తున్నప్పుడు లోపల బొమ్మలు గీసే కార్డు కుంపటిలా కాలుతుంది. ముందు నుంచి చల్లగాలి లోపలికి రావాలి, వెనక నుంచీ పై నుంచీ వేడిగాలి బయటికి పోవాలి. వచ్చే దారి ఉండాలి, పోయే దారి ఉండాలి. ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీలు కిటికీకి ఎదురుగా కిటికీ పెడతారు చూడండి, అదే. మరి ముందువైపు మొత్తం గాజు బిగిస్తే ఆ మూడు ఫ్యాన్లు ఎక్కడి గాలి పీల్చాలి? పక్కన గోరు దూరనంత సందు, అడుగున చిన్న జల్లెడ, అంతే. ఫ్యాన్లు తిరుగుతూనే ఉంటాయి, వెలుగుతూనే ఉంటాయి, గాలి మాత్రం రాదు. పెళ్ళిలో బ్యాండు మేళం వాళ్ళకు చెమ్కీ కోట్లు తొడిగి బూరలు మాత్రం లాక్కున్నట్టు.

ఇక ఆ ఇంటామె సంగతి. పుట్టిల్లు చెన్నూరు దిక్కు, అత్తగారిల్లు ఇచ్చోడ దాటి లోపలికి ఉన్న ఒక ఊరు. డిగ్రీ చదివింది. పెళ్ళయిన కొన్నాళ్ళకే భర్త గల్ఫ్ వెళ్ళిపోయాడు. అక్కడ అతని ఉద్యోగం ఒక ఆటల సెంటర్‌లో ఊడ్చడం, తుడవడం. మధ్యాహ్నం పూట గిరాకీ ఉండదు గనక, అక్కడి యజమాని అతన్ని ఒక కంప్యూటర్ ముందు కాసేపు కూర్చోనిస్తాడు. ఆ కాసేపు కోసమే అతను ఇక్కడ భార్యకు ఆ మిషను కొనిపెట్టాడు. ఇద్దరూ చెరో హెడ్‌సెట్ పెట్టుకుని, కలిసి ఇల్లు కట్టుకునే ఆట ఏదో ఆడేవాళ్ళు. కట్టెలు కొట్టడం, గోడలు లేపడం, అడవి జంతువులు రాకుండా దడి కట్టడం.

ఫోన్ లేదా అని మీకు అనుమానం రావచ్చు. నాకూ వచ్చింది. ఒకసారి అడిగాను కూడా. ఆమె చెప్పిన మాట ఇదీ: "ఫోన్ల ఏం మాట్లాడ్తం సార్? తిన్నవా అంటడు, తిన్న అంట. నువ్వు తిన్నవా అంట, తిన్న అంటడు. ఇగ అయిపాయె. ఆట ఆడుకుంట అయితె అన్నీ వస్తయి. బాపు మోకాలు నొప్పి వస్తది, మా చెల్లె సంబంధం వస్తది, కొట్లాట సుత వస్తది. ఎదురుంగ ఉన్నట్టే ఉంటది."

దీపావళి దాకా బాగానే నడిచింది. తర్వాత మొదలైంది తంటా. ఆట మధ్యలో ఉన్నట్టుండి మిషను టప్పున ఆరిపోయేది. మాట సగంలో తెగేది. మళ్ళీ వెలిగించి, ఆట తెరిచేసరికి అక్కడ గిరాకీ వచ్చి భర్త లేచిపోయేవాడు. ఒకసారి, రెండుసార్లు అయితే కరెంటు అనుకోవచ్చు. రోజూ అవుతుంటే అతనికి అనుమానం మొదలైంది. ఏదైనా గట్టిగా మాట్లాడుకుంటున్నప్పుడు కూడా ఆగిపోయేది కదా, అందుకని. 'నాకు జవాబు చెప్పలేక నువ్వే బంద్ జేస్కపోతున్నవ్' అన్నాడు. మిషను మా దుకాణానికి వచ్చింది.

ఇక్కడ మా పని తీరు చెప్పాలి. ఏ మిషను వచ్చినా ముందు వెనక వరండాలోకి తీసుకుపోయి బ్లోయర్‌తో గాలి కొట్టాలి. లోపల ఏముందో చూడకముందే అంతా ఊదేయాలి. మేనేజర్ పెట్టిన పద్ధతి అది, దుకాణంలో దుమ్ము పడకూడదని. తర్వాత పక్క తలుపు ఊడదీసి, ఏసీ కింద బల్ల మీద పడుకోబెట్టి నడిపించాలి. పక్క తలుపు తీసేసిన డబ్బాకు గాలి కొరత ఎక్కడిది? రోజంతా నడిచింది. 'మిషన్‌ల ఏం లేదు' అని చెప్పి పంపారు. పది రోజులు ఇంట్లో నడిచి మళ్ళీ ఆరిపోవడం మొదలుపెట్టింది. రెండోసారి తెచ్చింది. మళ్ళీ ఊదారు, మళ్ళీ తలుపు తీశారు, మళ్ళీ 'ఏం లేదు' అన్నారు. ఈ రెండుసార్లూ నేను బయట ప్రింటర్ల దగ్గర ఉన్నాను, నాకు ఈ కథ తెలియదు.

మూడోసారి వచ్చినప్పుడు ఉన్నాను. శివరాత్రి దాటింది, ఎండ మొదలైంది. ఆమె బస్సులో డబ్బాను దుప్పటిలో మూటగట్టి ఒళ్ళో పెట్టుకుని ఒక్కతే వచ్చింది. బల్ల మీద దించి, కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"ఈసారి నేను పోను సార్. నా ముందట్నే నడిపియ్యుండ్రి. బంద్ అయ్యేదాక ఈడ్నే కూసుంట."

రిపేరు బల్ల దగ్గరి మా వాడు ఊది, తలుపు తీసి, నడిపించాడు. ఆమె కళ్ళార్పకుండా చూస్తోంది. బస్సు టైం దాటింది, తెచ్చుకున్న సద్ది తినలేదు, ఆ దిక్కుమాలిన మిషను మాత్రం మేము కళ్ళు మూసి తెరిచినప్పుడల్లా హాయిగా నడుస్తూనే ఉంది. చెప్పొద్దూ, దాన్ని ఒక్క తన్ను తన్ని అయినా ఆపుదామా అనిపించింది నాకు. ఆమె ముఖం చూస్తుంటే అంత కష్టంగా ఉంది. తన కళ్ళ ముందే ఆ మిషను తనను అబద్ధాలకోరును చేస్తోంది.

మా వాడు నెమ్మదిగానే చెప్పాడు. "అక్కా, ఒక్కసారి సుత బంద్ కాలే. మీరే జూస్తిరి."

"ఇంట్ల అయితది అన్నా. ఈడ అయితలేదు. నేనేం జెయ్యాలె?"

అప్పుడు మేనేజర్ లోపలి నుంచి వచ్చాడు. వచ్చి, నవ్వుతూ అన్నాడు. "చూడమ్మా, మిషన్ గుండ్రాయి లెక్క ఉన్నది. యూజర్ ప్రాబ్లం. మీరు జర ఆడుడు తగ్గియ్యుండ్రి. ఆడోళ్ళకు గంతగనం ఆటలెందుకు? మీ ఆయన ఫోన్ జేసి అడిగితె సుత నేను గదే చెప్పిన, మిషన్‌ల ఏం లేదని."

ఆమె కుర్చీలోంచి లేచింది. "ఆయనకు చెప్పిన్రా?"

"అడిగిండు, చెప్పిన. అబద్ధం జెప్పాల్నా ఏంది?"

ఆమె దుప్పటి తీసుకుని డబ్బాను మళ్ళీ మూటగట్టడం మొదలుపెట్టింది. ఎన్నిసార్లు వేసినా ముడి జారిపోతోంది. నేను వెళ్ళి ముడి వేశాను. అప్పుడు తలెత్తకుండానే చెప్పింది. "అమ్మేయ్ అంటుండు సార్. ఇగ ఆడేది లేదు, నువ్వు నన్ను మోసం జేస్తున్నవ్, అమ్మేయ్ అన్నడు. దుకాణపోళ్ళు తప్పు జెప్తరా అంటడు. ఇంట్ల అత్తమ్మ సుత నేనే ఖరాబ్ జేస్తున్న అంటది. మీరు సుత గట్లనే అంటె నేనింక ఎవలికి చెప్పాలె?"

పిల్లలూ, కోపం అంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది. అంతకుముందు వచ్చినవన్నీ చిరాకులు. ఒక మనిషి ఇంట్లో ఆరిపోతోంది అని చెప్తున్నది. మనం దాన్ని ఇంట్లో ఉన్నట్టు కాకుండా, కడిగి, తలుపు తీసి, చల్లగదిలో పెట్టి చూసి, 'నువ్వు చెప్పేది తప్పు' అంటున్నాం. జ్వరం వచ్చినవాణ్ణి చల్లనీళ్ళతో తుడిచి, తర్వాత థర్మామీటర్ పెట్టి, జ్వరం లేదు పో అన్నట్టు. పైగా ఆ ముక్క ఆమె మొగుడికి ఫోన్‌లో చెప్పాం. ఎవరు అడిగారు మనల్ని కాపురాల్లో తీర్పులు చెప్పమని?

నేను అడిగిన మొదటి ప్రశ్న ఇది: "అమ్మా, పొద్దుగాల నడిపిస్తె బంద్ అయితదా?"

"కాదు సార్. పగటీలి అన్నం తిన్నంకనే. అప్పుడే గదా ఆయనకు ఖాళీ."

"ఏ గదిల పెట్టిన్రు?"

"ముందటి అర్రల. నెట్ వైర్ ఆడికే వచ్చింది."

నేను మేనేజర్ వైపు తిరిగి, వాళ్ళింటికి పోయి చూసొస్తానన్నాను. ఊరు దాటి సర్వీసుకు పోయే పద్ధతి మనకు లేదన్నాడు. మరి ఊరు దాటి అమ్మే పద్ధతి ఉంది కదా అన్నాను. ఆయన నన్ను కిందికీ మీదికీ చూసి లోపలికి వెళ్ళిపోయాడు. నా వారపు సెలవు ఎల్లుండి. ఆ రోజు వస్తానని ఆమెకు చెప్పి, డబ్బాతో సహా బస్సెక్కించాను. "మొగులైనా వస్తరా సార్?" అని రెండుసార్లు అడిగింది. మబ్బు పట్టినా, రాళ్ళవాన పడినా వస్తానన్నాను.

సెలవు రోజు కాబట్టి దుకాణం సామాను తీసుకుపోయే వీలు లేదు. నా సొంత సంచిలో నాలుగు స్క్రూడ్రైవర్లు, పెయింట్ కుంచె, కత్తెర వేసుకుని ఇచ్చోడలో దిగి ఆటో పట్టుకున్నాను. మా వాడు ముందురోజు సాయంత్రం నా దగ్గరికి వచ్చి, "సార్, ఊదినప్పుడు తెల్లగ దూది దూది ఎగిరింది. బొంతల దూది అనుకున్న" అని చెప్పి, తలవంచుకుని వెళ్ళాడు. ఆ మాటను పట్టుకుని దారి పొడవునా ఆలోచిస్తూనే ఉన్నాను. ఆటో ఆ ఊళ్ళోకి తిరగగానే ఇంక ఆలోచించాల్సిన పని లేకపోయింది.

ఆదిలాబాద్ పల్లెలు తెలియని వాళ్ళ కోసం చెప్తున్నాను. పత్తి తీసిన తర్వాత వెంటనే అమ్మని వాళ్ళు చాలామంది. ధర వస్తుందని ఆగుతారు. ఆగినంత కాలం పత్తి ఎక్కడ ఉంటుంది? ఇంట్లోనే. బయట పెడితే వానకు తడుస్తుంది, నిప్పురవ్వ పడుతుంది. అందుకని ఇంట్లో మంచి గది ఏదో అందులో నేల నుంచి దూలాల దాకా పోస్తారు. మనుషులు వంటింట్లో పడుకుంటారు, పత్తి ముందర గదిలో పడుకుంటుంది. ఆ గదిలో సీలింగ్ ఫ్యాన్ వేయరు, దూది ఎగురుతుందని. కిటికీ తీయరు, రవ్వ పడుతుందని. పత్తి ఉన్నంత కాలం ఆ గదికి మనుషులకంటే ఎక్కువ మర్యాద.

వాళ్ళ ముందటి అర్రలోకి అడుగు పెడితే ఒక మూల తప్ప మిగతాదంతా తెల్లటి కొండ. ఆ మూలలో నేల మీద, పత్తికి మోకాలంత దూరంలో, గోడకు వీపు ఆనించి మన గాజు ముఖం డబ్బా. దాని పైన నాలుగు మడతల తువ్వాల. ఆ పైన చిన్న ప్లాస్టిక్ పూలగుత్తి.

"ఇదెవరు కప్పిన్రమ్మా?" అన్నాను, తువ్వాల చూపించి.

అత్తగారు గర్వంగా ముందుకొచ్చింది. "నేనే కప్పిన సార్. నా కొడుకు పంపిన సామాను. దూది పడి ఖరాబ్ అయితదని రోజు కప్పుత. గీ పిల్లకు గా సోయి సుత లేదు, తీసి పక్కకు పెడ్తది. నేను మల్ల కప్పుత."

కోడలు నా వైపు చూసింది. అత్త కప్పిన గుడ్డను ఎన్నిసార్లు తీస్తుంది పాపం, తీసినప్పుడల్లా ఒక మాట పడాలి కదా.

నేను దేన్నీ ముట్టుకోలేదు. "రోజు ఎట్ల ఆడ్తరో అట్లనే ఆడుండ్రి. తువ్వాల ఉండనియ్యుండ్రి" అన్నాను. అందరం అన్నం తిన్నాం. బయట ఎండ చుర్రుమంటోంది. ఆమె హెడ్‌సెట్ పెట్టుకుని మొదలుపెట్టింది. భర్త వచ్చాడు. ఆమె మాటలు మాత్రమే నాకు వినిపిస్తున్నాయి. "ఆఁ... ఉన్న... ఇంటికి సుట్టాలొచ్చిన్రు... ఎవలో ఒకలు తియ్యి... దడి దగ్గరికి రా..." నేను డబ్బా పక్కన చెయ్యి పెట్టాను. ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టినట్టుంది. ఫ్యాన్లు ఎర్రగా, నీలంగా, పచ్చగా పండగ చేసుకుంటున్నాయి. కాసేపటికి వాటి మోత పెరిగింది, ఇంకా పెరిగింది, తర్వాత ఒక్కసారిగా నిశ్శబ్దం.

ఆమె హెడ్‌సెట్ తీసి ఒళ్ళో పెట్టుకుంది. "గిట్ల, సార్" అంది.

మామగారు అప్పటిదాకా గడప దగ్గర నిలబడి చూస్తున్నాడు. వచ్చి డబ్బా మీద చెయ్యి వేసి, చురుక్కుమని వెనక్కి తీశాడు. ఆయన కళ్ళు వెంటనే పత్తి మీదికి పోయాయి. "ఓర్నీ! ఇది గింత కాల్తదా? నా పంట అంతా గిక్కడ్నే ఉన్నది. తియ్యుండ్రి దీన్ని, కొట్టంల పడెయ్యుండ్రి, నాకద్దు."

"కొట్టంల నెట్ లేదు మామయ్యా" అంది కోడలు.

"నెట్ లేకుంటె మానె. ఇల్లు కాల్తె ఎవలు జిమ్మెదారి?"

ఆయన భయం ఉత్తది కాదు. అందుకే ఆయన మీద నాకు కోపం రాలేదు. "కాకా, జర నాకు కొంచెం టైం ఇయ్యుండ్రి. ఆ తర్వాత కూడా కాలితే నేనే ఎత్తుకపోయి దుకాణంల పడేస్త" అన్నాను. ఆయన తల అడ్డంగానే ఊపాడు గాని నన్ను ఆపలేదు.

డబ్బాను ఇంటి వెనక్కి తీసుకుపోయి విప్పాను. అడుగున ఉన్న జల్లెడ లేదు, దాని స్థానంలో పరుపు ఉంది. నిజంగానే పరుపు. దూది, దుమ్ము కలిసి అతుక్కుని, గోరుతో లాగితే మొత్తం ఒకే ముక్కగా వచ్చింది. మా బ్లోయర్ పైపై దూదిని ఎగరగొట్టిందే గాని నెలలుగా గడ్డకట్టిన దీన్ని కదిలించలేదు, పైగా ఇప్పుడు ఎండ, అందుకే ఈసారి పది రోజులు కూడా ఆగలేదు. కార్డు ఫ్యాన్ల రెక్కల్లో దూది, వెనక సందుల్లో దూది. ఇదంతా కుంచెతో తీశాను. తర్వాత ముందువైపు గాజు. నాలుగు మరలు విప్పి పక్కన పెడుతుంటే ఒక్కసారి ఆమెను అడిగాను. "అమ్మా, ఇది తీసేస్తే వారంటీ లేదంటాడు మా మేనేజరు. లైట్లు కూడా ఇంత అందంగా కనపడవు."

"లైట్లు నేనేం జేస్కోను సార్? నేను చూసేది స్క్రీను. తీసెయ్యుండ్రి."

గాజు పోయిన చోట దోమల జాలీ ముక్క కత్తిరించి బిగించాను. వాళ్ళ వంటింటి కిటికీకి కొట్టగా మిగిలిన ముక్క అది. వారానికోసారి ఆ జాలీ తీసి దులపాలని చూపించాను. ఎత్తయిన స్టూలు ఒకటి తెప్పించి డబ్బాను నేల మీంచి లేపాను. వీపు గోడకు కాకుండా కిటికీకి పెట్టాను. కిటికీ దగ్గర మాత్రం మామగారితో బేరం ఆడాల్సి వచ్చింది. ఆయన కిటికీ తీయనన్నాడు, తీయకుంటే వేడి ఎటు పోతుందన్నాను, చివరికి పైరెక్క ఒక్కటి తీయడానికి, దానికి కూడా జాలీ కొట్టడానికి ఒప్పుకున్నాడు.

మిగిలింది అత్తగారి తువ్వాల. ఆమె దాన్ని చేతిలో పట్టుకుని నిలబడి ఉంది. "మరి దూది పడదా సార్ దీని మీద?"

"పడ్తది అవ్వా. అందుకే కప్పాలె. దీన్ని గాదు, పత్తిని కప్పాలె. పాత చీరలుంటె తియ్యుండ్రి."

ఆమె ఒక నిమిషం ఆలోచించింది. లోపలికి వెళ్ళి నాలుగు పాత చీరలు తెచ్చింది. అత్తాకోడళ్ళు ఇద్దరూ వాటిని కలిపి కుట్టి, పత్తి కొండకు ఇటువైపు దూలం నుంచి నేల దాకా తెరలా కట్టారు. కట్టుకుంటూ అత్తగారు, "గీ ముక్క అమ్మినోడు మొదలే చెప్తె ఏం పోయింది సార్? మేము పత్తి పండిచ్చేటోళ్ళం, మా ఇండ్లల్ల పత్తి ఉంటదని ఆదిలాబాద్‌ల కూసున్నోనికి ఎర్కలేదా?" అంది. మర్నాడు ఇదే మాట నేను మేనేజర్‌ను అడిగినప్పుడు మా ఇద్దరి మధ్యా నడిచినవి అచ్చు వేయడానికి పనికిరావు. గాజు తీసినందుకు నా మీద యజమానికి ఫిర్యాదు పోయింది. పోతే పోయింది. గాలి కొట్టకముందు మూత తీసి చూడాలి, తలుపు మూసి నడిపించాలి అని మా వాడు మాత్రం ఆ రోజు నుంచి ఎవరు చెప్పినా వినకుండా అలాగే చేశాడు.

మళ్ళీ వెలిగించాం. భర్త ఇంకా అక్కడే ఉన్నాడు, ఆ రోజు గిరాకీ రాలేదేమో. ఆమె హెడ్‌సెట్ తీసేసి స్పీకర్‌లో పెట్టింది. మొట్టమొదట వినిపించిన మాట: "మల్ల ఎందుకొచ్చినవ్? సుట్టాలొచ్చిన్రని నన్ను ఇడిసిపెట్టి పోతివి గదా. ఇగ జాలు. అమ్మేయ్ అన్ననా లేదా?"

తన కొడుకు ఆ గొంతుతో మాట్లాడటం ఆ తల్లి విన్నది అదే మొదటిసారి అనుకుంటాను. కోడలు మైకు నా వైపు తిప్పింది.

"మీరే చెప్పుండ్రి సార్. నేను చెప్తె నమ్మడు."

నేను మైకు దగ్గరికి వంగాను. "బాబూ, నేను నీకు మిషన్ అమ్మిన దుకాణం మనిషిని. మీ ఇంట్లనే ఉన్న. ఇందాక అది నా కండ్ల ముందట బంద్ అయింది. మీ ఆమె దాన్ని ముట్టుకోలే. లోపట గాలి ఆడక, వేడికి తనంత తానే బంద్ అయింది."

అటువైపు వెనక ఎవరో హిందీలో మాట్లాడుకుంటూ నవ్వుతున్నారు. తర్వాత అతను చాలా మెల్లగా అడిగాడు. "మరి మీ దుకాణంల మూడుసార్లు జూసిన్రు గదా సార్? ఏం లేదు అన్నరు గదా? మీరనబట్టే గదా నేను ఆమెను గన్ని మాటలన్నది?"

ఆ క్షణంలో మేనేజర్ నా పక్కన ఉంటే ఏం చేసేవాణ్ణో తెలియదు. "మేమే అన్నం బాబూ. తప్పు జెప్పినం. మా చల్లటి రూంల, మూత తీసి జూసి, ఏం లేదన్నం. మీ ఆమె మొదటిరోజు నుంచి చెప్పింది నిజం. ఒక్కసారి సుత ఆమె బంద్ జేస్కపోలే."

అత్తగారు ముందుకు వంగి మైకులోకి అరిచింది, దూరం ఎక్కువ కదా అని. "ఇన్నవారా? నేను సుత దాన్నే అంటి! పిల్లను ఉత్తగ ఆగం జేస్తిమి!"

'సారీ' అంటూ అతను ఏదో అనబోయాడు. మిషను మోత మామూలుగా ఉంది. మామగారు డబ్బా మీద చెయ్యి వేసి చూశాడు, తీయలేదు, అలాగే ఉంచాడు. కోడలు కళ్ళు తుడుచుకుని, మైకు తన వైపు లాక్కుంది.

"సారీ గీరీ తర్వాత. సార్‌ను ఆటో ఎక్కిచ్చి వస్త. నువ్వు ఆడ్నే కూసో, దడి దగ్గర జంతువులు రాకుంట సూడు. నేను వచ్చేటాళ్ళకు నీది గిట్ల బంద్ అయి ఉన్నదనుకో, దునియాల ఏ సార్ వచ్చి చెప్పినా నేను నమ్మ."